కుక్కరు కూత దగ్గర వినే నాటకం కాదది

చి. సౌమ్యకు,

మావయ్య ఆశీస్సులు. 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' అనే ఆ ఇంగ్లీషు అంతరిక్ష హాస్య రేడియో నాటకాన్ని వంట చేస్తూ పెట్టుకున్నావట, పోపు వేసేలోపు భూమి కాస్తా నాశనమైపోయిందట, ఎందుకో తెలిసేలోపు కుక్కరు కూసిందట. నాటకాన్ని ఎందుకమ్మా తిడతావు, తిడితే ఆ కుక్కర్ని తిట్టు. మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో నాటకం వస్తుంటే మీ అమ్మమ్మ గిన్నె చప్పుడు కూడా కానిచ్చేది కాదు.

ఇంకో తప్పు కూడా చేస్తున్నావు. నవల ఒళ్లో పెట్టుకుని, ఏ ముక్క వదిలేశారా అని పోల్చుకుంటున్నావు. ఇక్కడ నాటకమే అక్క, నవల చెల్లెలు. 1978 మార్చి 8న రాత్రి పదిన్నరకి బీబీసీ రేడియో 4లో మొదటి భాగం వచ్చింది. పుస్తకం 1979లో గానీ రాలేదు. డగ్లస్ ఆడమ్స్ ముందు చెవికే రాశాడు. కాబట్టి మొదటి ఆరు భాగాలూ అయ్యేదాకా పుస్తకం బీరువాలో పెట్టేయ్.

భోజనాలయ్యాక లైటు తీసేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను. రోజుకొక్క అరగంట చాలు. రాక్ ఆల్బమ్‌లా మోగాలని ఆడమ్స్ పట్టుబట్టాడు. బీబీసీలో వింత శబ్దాలు తయారుచేసే విభాగం, రేడియోఫోనిక్ వర్క్‌షాపు వాళ్లు శబ్దం మీద శబ్దం పేర్చారు. ఫోను స్పీకర్లో అదంతా ముద్దయిపోతుంది. వెనక నవ్వే జనం కూడా లేరు, ఎక్కడ నవ్వాలో నువ్వే చూసుకోవాలి. ఆ ఇంగ్లీషు యాస వేగానికి కంగారుపడి వెనక్కి తిప్పకు. మొదటిసారి పోయిన మాట పోనీ. మర్నాడు అదే భాగం మళ్లీ వింటే సగం దొరుకుతాయి.

అలవాటు పడాల్సింది 'బుక్' గొంతుకి, అంటే మధ్యమధ్యలో కథ చెప్పే ఆ గైడు పుస్తకం గొంతుకి. పీటర్ జోన్స్ గొంతది. హరిదాసు చూడు, కథ మంచి పట్టులో ఉండగా ఆపి పిట్టకథ ఎత్తుకుంటాడు, సరిగ్గా అదే పని ఈయనదీ. చెవిలో చేప దూర్చుకుంటే ఏ భాషైనా అర్థమవుతుందని మొదలుపెట్టి, తాపీగా దేవుడు ఉన్నాడా లేడా అనేదాకా వెళ్తాడు. అక్కడ మనవాళ్లు ప్రాణాలరచేతిలో పెట్టుకుని ఉంటారు! అసలు కథ ఎప్పుడొస్తుందా అని విసుక్కున్నావా, అయిపోయావే. పిట్టకథ కోసమే ఆ కథ. మార్విన్ అనే రోబో ఏడుపుగొంతు కూడా చెవిలోనే బాగుంటుంది. సినిమాలో వాడి ఆకారం చూశాక నాకు సగం సరదా చచ్చింది.

నవలల నుంచి నిజంగా నాటకాలుగా మలిచినవి తర్వాత వచ్చాయి. మూడో నవలని 2004లో, నాలుగు, అయిదు నవలల్ని 2005లో డర్క్ మాగ్స్ అనే రేడియో దర్శకుడు చేశాడు. అప్పటికి ఆడమ్స్ లేడు, 2001లో పోయాడు. పీటర్ జోన్స్ అంతకుముందే వెళ్లిపోయాడు. 'బుక్'గా ఆయన బదులు వచ్చిన విలియమ్ ఫ్రాంక్లిన్ కొత్త గొంతు కాసేపు మింగుడుపడదు, ఓర్చుకో. అగ్రజాగ్ అనే పాత్రకి మాత్రం ఆడమ్స్ గొంతే, ఆయన పుస్తకం చదివిన రికార్డింగ్ నుంచి తీసి అతికించారు. ఆ గొంతు వినబడగానే నాకు ఒళ్లు జలదరించింది.

మూడో నవల నాటకం కాస్త ఇరుకుగా ఉంటుందని నా అభిప్రాయం, నవల మాట పోగొట్టకూడదని అన్నీ కూరారు. అయినా లార్డ్స్ మైదానంలో రోబోలు వచ్చి యాషెస్ ట్రోఫీ ఎత్తుకుపోయే ఘట్టం వదలకు. నిజం క్రికెట్ వ్యాఖ్యాతలు హెన్రీ బ్లోఫెల్డ్, ఫ్రెడ్ ట్రూమన్ తమ పాత్రల్లోనే కామెంటరీ చెప్తారు. ట్రాన్సిస్టర్ చెవికానించి క్రికెట్ విన్న మీ నాన్నకైతే ఇక పండగే. ఆయన్నీ కూర్చోబెట్టు, కానీ మధ్యలో స్కోరు గురించి మాట్లాడనివ్వకు. ఇక్కడికొచ్చాక బీరువాలోంచి పుస్తకం తీసి ఎంత పోల్చుకున్నా నేనేమీ అనను.

మొదటి ఆరింట్లో నాలుగో భాగం విన్నాక ఫోన్ చెయ్యి. అందులో ఒక అంకె చెప్తారు. అదే ఎందుకు అని మాత్రం నన్నడక్కు.

ఇట్లు,
మావయ్య