నైవాషా ర్యాలీకి కెమెరా పట్టుకుని పోయే అల్లుడికి

అల్లుడూ,

ఆఫీసు పని మీద మార్చిలో నైరోబీ పోతున్నావని, అదే వారంలో దగ్గర్లోని నైవాషా ఊళ్లో సఫారీ ర్యాలీ, అంటే మట్టి దారుల కార్ల పోటీ, పడిందని, కెమెరా తీసుకుపోనా వద్దా అని అడిగావు కదా. తీసుకుపో. బోరు మోటర్ల కంపెనీ పని మీద నేను అక్కడ ఉన్నప్పుడు సెలవు దొరికితే చాలు ఆ దుమ్ములోనే తిరిగేవాణ్ని, కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. ఇది రౌండ్లు కొట్టే రేసు కాదు. దారిని ముక్కలుగా చేసి ఒక్కో ముక్కకి టైమ్ కడతారు, ఆ ముక్కనే స్టేజీ అంటారు. కార్లు ఒక్కొక్కటే, కొన్ని నిమిషాల తేడాతో వస్తాయి, నీ ముందు నుంచి మూడు నాలుగు సెకన్లలో పోతాయి. అందుకే కొత్తవాళ్లు ఈ స్టేజీ నుంచి ఆ స్టేజీకి ఉరుకుతుంటారు, రోజంతా ట్రాఫిక్‌లో కూర్చుంటారు, చివరికి తీసిన ఫోటోలన్నీ కారు వెనక లైట్లవే అవుతాయి. నువ్వు అట్లా చెయ్యకు. స్టేజీ మొదలుకావడానికి చాలా ముందే రోడ్డు మూసేస్తారు, ఒకసారి లోపలికి పోయినవాడు బయటికి రావడం కష్టం. ఒక రోజుకి ఒక్క స్టేజీ, ఒక్క మలుపు, అంతే. మామూలుగా అదే స్టేజీ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి నడుపుతారు కాబట్టి అక్కడే కూర్చుంటే రెండు రకాల వెలుగు దొరుకుతుంది. కొన్నేళ్లుగా ఆదివారం ఆఖరి స్టేజీ నైవాషా పక్కనున్న హెల్స్ గేట్ నేషనల్ పార్కులో పెడుతున్నారు, వెనక ఎర్రరాతి గుట్టలు నిలువుగా లేచి ఉంటాయి, నన్నడిగితే ఒక్క రోజే దొరికితే అక్కడికే పొమ్మంటా.

ఎక్కడ నిలబడాలన్నది ఫోటో కన్నా ముందు ప్రాణం సంగతి. మలుపుకి బయటి వైపు ఎప్పుడూ నిలబడొద్దు, కారు అదుపు తప్పితే వచ్చేది అటే. లోపలి వైపు, రోడ్డు కన్నా ఎత్తున, వెనక్కి తప్పుకోవడానికి జాగా ఉన్న చోటు చూసుకో. 1986లో పోర్చుగల్ ర్యాలీలో జనం రోడ్డు మీదికే ఎగబడి నిలబడితే ఒక ఫోర్డ్ కారు వాళ్ల మధ్యకి దూసుకుపోయి ముగ్గురు చనిపోయారు, ఆ ఏడాదితోనే గ్రూప్ బీ అనే అప్పటి మహా స్పీడు కార్లకి ప్రపంచ ర్యాలీల్లో కాలం చెల్లింది. పోటీ కార్ల కన్నా ముందు 000, 00, 0 నంబర్ల బండ్లు దారి చూసుకుంటూ పోతాయి, పైన హెలికాప్టర్ తిరుగుతుంది. ఆ చప్పుడు మొదలయ్యాక రోడ్డు దాటడం, జాగా మార్చడం బంద్. దారి కాపలా ఉండే మార్షల్ విజిల్ ఊదితే వాదన పెట్టుకోకు. మెడలో ప్రెస్ పాస్ ఉన్నవాళ్లు ఇంకా ముందుకి పోతుంటారు, వాళ్ల సంగతి వేరు, చూసి టెంప్ట్ కాకు.

ఇక దుమ్ము. కెడాంగ్ లాంటి స్టేజీల్లో మట్టిని వాళ్లు ఫెష్‌ఫెష్ అంటారు. మిర్యాలగూడ రైస్ మిల్లులో తవుడు కుప్పలో కాలు పెట్టినట్టు చెప్పు మొత్తం దిగబడిపోతుంది. నీళ్ల గుంటలు, ఈ దుమ్ము రెండూ ఇంజిన్లోకి పోకుండా అక్కడ కార్లకి ముందు అద్దం పక్క నుంచి పైకి ఒక గాలి గొట్టం పెడతారు, వేరే దేశాల ర్యాలీల్లో అది మామూలుగా కనబడదు, ఒక ఫోటోలో అయినా అది దగ్గరగా పడేట్టు చూడు. పోయిన వెంటనే చేసే పని గాలి ఎటు వీస్తుందో చూసుకోవడం. గుప్పెడు మట్టి తీసి వదిలితే తెలుస్తుంది. గాలి నీ వీపు వైపు నుంచి రోడ్డు మీదికి వీచాలి, లేకపోతే మొదటి కారు తర్వాత నీకు ఏమీ కనబడదు. అదే సమయంలో సూర్యుడు కారుకి అటు పక్క కొంచెం వాలుగా ఉంటే ఆ దుమ్మే బంగారం లెక్క వెలుగుతుంది. అది పొద్దున నడిపే మొదటిసారిలోనే, ఎందుకంటే నైవాషా దాదాపు భూమధ్యరేఖ మీద ఉంది, మధ్యాహ్నానికి ఎండ నెత్తి మీద నిలబడుతుంది, డ్రైవర్ మొహం కూడా కనబడదు. తెల్లటి దుమ్ము ఫ్రేమంతా నిండితే కెమెరా మోసపోయి ఫోటోని నల్లగా చేస్తుంది, ఎక్స్‌పోజర్ కొంచెం పెంచుకో.

లెన్సు మార్చే పని అక్కడ పెట్టుకోకు. 70-200 జూమ్ లెన్సు ఒక్కటి బిగించి పో, వెడల్పు ఫోటోలకి ఫోన్ చాలు. లెన్సు ముందు అద్దం మీద దుమ్ము పడితే బట్టతో తుడవొద్దు, గీతలు పడతాయి, బ్లోయర్‌తో ఊదు. కారు గాల్లోకి లేచే చోట, రాళ్లు ఎగిరే చోట షటర్ స్పీడు 1/1000 సెకను పైన ఉంచు. పక్క నుంచి పోయేటప్పుడు మాత్రం 1/125కి దిగి కెమెరాని కారుతో పాటు తిప్పు. ఇది అక్కడికి పోయి నేర్చుకుంటే రాదు. ఈ ఆదివారాలు చిట్యాల సర్వీస్ రోడ్డు పక్కన నిలబడి హైవే మీద పోయే ఆర్టీసీ బస్సుల్ని తియ్యి. బోర్డు మీద సూపర్ లగ్జరీ అన్న అక్షరాలు చదవడానికి వచ్చి, వెనకున్న హోటళ్లు గీతల్లాగా సాగితే నీ చెయ్యి కుదిరినట్టు, అప్పుడు 1/60కి పో.

కార్లే కాకుండా జనాన్ని కూడా తియ్యి. మసాయి వాళ్లు, పూల తోటల్లో పనిచేసే ఆడవాళ్లు, పిల్లలు గుట్టల మీద బారులు తీరి కూర్చుంటారు. అడగకుండా మొహం మీద కెమెరా పెట్టకు, పోలీసుల్ని అసలు తియ్యకు. అక్కడి పెద్దమనుషులతో మాట కలపాలంటే జోగిందర్ సింగ్ పేరెత్తు. కెన్యా సర్దార్జీ, ఈ ర్యాలీని 1965, 1974, 1976ల్లో గెలిచాడు. మనవాళ్ల మూలాలున్న శేఖర్ మెహతా అయితే ఐదు సార్లు. 1953లో మొదలైన ర్యాలీ ఇది, 2002 తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి పోయి 2021లో మళ్లీ వచ్చింది, ఆ మధ్యకాలం గురించి ముసలివాళ్లు చెప్పే ముచ్చట్లు వింటూ కూర్చుంటే కార్లు వచ్చేదాకా టైమ్ తెలియదు.

నీళ్లు మాత్రం సీసావే తాగు. ఆ లోయంతా మన మునుగోడు, మర్రిగూడ లెక్కనే బోరు నీళ్లలో ఫ్లోరైడ్, పళ్ల మీద మరకలు చూస్తే నీకే అర్థమవుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని అక్కడి నీళ్ల ఇంజనీర్లు కూడా నల్లగొండ టెక్నిక్ అనే అంటారు. మన జిల్లా పేరు అంత దూరం పోయింది ఈ రోగం పుణ్యాన, ఏం చెప్పాలి.

నైరోబీ నుంచి నైవాషా తొంభై కిలోమీటర్ల చిల్లర, కానీ ర్యాలీ రోజుల్లో ఆ లెక్క పనికిరాదు, చీకటితోనే బయలుదేరు. ఎత్తు మీద ఉన్న ఊరు, పొద్దున చలి ఉంటుంది, స్వెట్టర్ పెట్టుకో. మార్చి ఆఖరికి వానలు కూడా మొదలవుతాయి. కెమెరాకి చుట్టడానికి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు మూటగట్టుకుపోకు, 2017 నుంచి అక్కడ నిషేధం, పట్టుబడితే పెద్ద జరిమానా. పాత కాటన్ తువ్వాలలు రెండు, ఒక గుడ్డ సంచి చాలు. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్, పర్మిషన్ లేకుండా ఎగరేస్తే నీతో పాటు నీ కంపెనీకి కూడా తలనొప్పి. స్పేర్ బ్యాటరీలు చేతి బ్యాగులోనే. శంషాబాద్‌లో బయలుదేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లు రాయించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకో, తిరిగొచ్చేటప్పుడు కొత్తగా కొన్నావా అని డ్యూటీ అడగరు. మీ మేనేజర్‌కి శుక్రవారం మీటింగ్ అయ్యాక కాదు, టికెట్ బుక్ చేసేటప్పుడే శనివారం, ఆదివారం నైవాషాలో ఉంటానని చెప్పు.

అన్నిటికన్నా ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే సర్కారు సంస్థ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఏ రోజు వేస్తారో ఫోన్ చేసి కనుక్కుని ఈ వారమే పో, పాస్‌పోర్ట్ మర్చిపోకు.

మీ మామ