ముందు మొద్దులాంటి గొట్టం ఉన్న ఈ పొట్టి ఓడ ఏమిటి?

మీ తాతగారి ఆల్బమ్‌లో దొరికిన ఫొటో పెట్టి, "పొట్టిగా, వెడల్పుగా ఉంది, తెరచాపల్లేవు, ముందు మొద్దులాంటి గొట్టం ఉంది. ఇసుక తీసే డ్రెడ్జరా?" అని అడిగారు. కాదండి, ఇది యుద్ధనౌక. ఆ గొట్టం ఫిరంగి. చూస్తే 1870ల నాటి బ్రిటిష్ గన్‌బోటులా, అంటే ఫిరంగి మోసే చిన్న యుద్ధనౌకలా ఉంది. ఒకే నమూనాలో కట్టిన ఓడల్ని ఒక తరగతి అంటారు, ఇది యాంట్ తరగతి. వీటిని ఫ్లాట్ ఐరన్ అనేవాళ్లు, అంటే ఇస్త్రీపెట్టె. ఆకారం చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది.

నేనూ మీలాగే పొరబడ్డాను. ఇంగ్లండ్‌లో టైన్ నది ఒడ్డున ఉన్న న్యూకాజిల్‌లో చదువుకునేటప్పుడు దగ్గర్లోని టైన్‌మౌత్ స్టేషన్‌లో జరిగే వారాంతపు సంతలో ఇలాంటి ఫొటో కొన్నాను. వెనక పేరు లేదు, సంవత్సరం లేదు. మూడు వారాలు డ్రెడ్జర్ల బొమ్మలతోనే పోల్చి చూశాను, ఎందుకంటే నా ఫొటోలో అసలు ఫిరంగే లేదు! చివరికి పాత ఓడల సంగతి తెలిసిన ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన ఓడ ముందుభాగం మీద వేలు పెట్టి, "ఇంత చోటు ఎందుకు ఖాళీగా వదిలారంటావు?" అన్నారు. ఫిరంగి డెక్ కింద ఉందట!

ఈ రకానికి మూలం జార్జ్ రెండెల్ అనే ఇంజనీరు డిజైన్ చేసిన స్టాంచ్ అనే ఓడ. 1867లో ఆ టైన్ నది ఒడ్డునే, లో వాకర్‌లో కట్టారు. 180 టన్నుల చిన్న ఓడ మీద పన్నెండున్నర టన్నుల ఫిరంగి! అంత బరువు ముందువైపు పైన ఉంటే అలల్లో ప్రమాదం. అందుకని ఫిరంగిని పీఠంతో సహా యంత్రబలంతో ఓడ లోపలికి దించేవాళ్లు, కాల్చాల్సినప్పుడు పైకి లేపేవాళ్లు. ఆ ఫిరంగి పక్కలకు తిరగదు. గురి పెట్టాలంటే ఓడే తిరగాలి. వెనక ఉన్న రెండు ప్రొపెల్లర్లలో ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పితే ఉన్నచోటే తిరిగేది. ఓడకి ఫిరంగి బిగించడం కాదు, ఫిరంగికే ఒక ఓడ కట్టారన్నమాట. ఈ ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురమే.

మీ ఫొటోలో డెక్ మీద నిలబడ్డ మనిషిని కొలతగా తీసుకోండి. యాంట్ తరగతి ఓడల పొడవు 85 అడుగులు, వెడల్పు 26. అంటే పొడవు వెడల్పుకి మూడింతల కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 10 అంగుళాలు, ఫిరంగి బరువు 18 టన్నులు. మూడు తెరచాప కొయ్యలు ఉంటే మాత్రం అది మెడీనా తరగతి, ఇంకా పెద్దది.

ఒక్క జాగ్రత్త. ఈ రకం ఓడలు బ్రిటన్ దగ్గరే లేవు. చైనా కూడా కొంది, వాటిలో కొన్నిటికి 38 టన్నుల ఫిరంగులు! నార్వేలో 1876 నాటి ఉల్లర్ అనే ఓడ అయితే 1940 దాకా పనిచేసింది. కాబట్టి ఓడ ఆకారం చూసి ఫొటో తీసిన సంవత్సరం చెప్పలేం.

ఓడ వెనక భాగాన్ని ఇంకొంచెం పెద్దగా స్కాన్ చేసి పెట్టగలరా? అక్కడ జెండా లాంటిది మసగ్గా కనిపిస్తోంది. అది తేలితే ఏ దేశానిదో చెప్పొచ్చు.