మిక్స్చర్ స్క్రూ ముట్టుకోకముందు

చిరంజీవికి దీవెనలు.

నీ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుది నువ్వు పంపిన పొగ పరీక్ష చీటీ ఫోటో చూశాను. కార్బన్ మోనాక్సైడ్ 6 శాతం దాటింది. హైడ్రోకార్బన్లు మాత్రం మరీ అంత ఘోరంగా లేవు. "మిక్స్చర్ స్క్రూ ఎన్ని చుట్లు బిగించమంటావు పెదనాన్నా?" అని అడిగావు, కార్బురేటర్‌లో గాలీ పెట్రోలూ కలిసే పాళ్లను మార్చే స్క్రూ గురించి. ప్రస్తుతానికి ఒక్క చుట్టు కూడా వద్దు. స్క్రూడ్రైవర్ తీసి పెట్టెలో పడెయ్.

ఎందుకంటున్నానంటే, నీ వయసులో నేనూ అదే పని చేశాను. నా మొదటి బీటిల్ పరీక్షలో పోయింది. స్క్రూ బిగించాను, చాల్లేదు. కార్బురేటర్‌లో పెట్రోల్ దూరే రంధ్రం, మెయిన్ జెట్, అది కూడా ఒక సైజు చిన్నది వేశాను. మర్నాడు దర్జాగా పాసయ్యాను, ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయింది. నీళ్లతో చల్లబడే ఇంజన్ కాదు కదా ఇది. గాలి, ఆయిల్, వీటితోపాటు లోపలికి వచ్చే పెట్రోల్ కూడా కొంత వేడిని మోసుకుపోతుంది. పెట్రోల్ కోసేస్తే ఆ వేడంతా వాల్వుల మీద పడుతుంది. పాత ఇంజన్లలో ఆయిల్ కూలర్ మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డంగా ఉంటుంది కాబట్టి ముందు దెబ్బ తినేది అదే. 1971 నుంచి కూలర్‌ను పక్కకు జరిపారు. నీది 1972 మోడల్, ఆ విషయంలో అదృష్టవంతుడివి.

ఇక చీటీ సంగతి. మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే గాలికి మించి పెట్రోల్ వెళ్తోందని, అంటే మిక్స్చర్ రిచ్ అయిందని అర్థం. హైడ్రోకార్బన్లు ఎక్కువైతే పెట్రోల్ కాలకుండానే బయటికి పోతోంది: ప్లగ్ మిస్సవుతూ ఉండాలి, వాల్వ్ సరిగ్గా మూసుకోకపోయి ఉండాలి, లేదా మిక్స్చర్ మరీ లీనైపోయి, అంటే పెట్రోల్ బాగా తగ్గిపోయి, అంటుకోకుండా ఉండాలి. నీది మొదటి రకం. కాబట్టి అనవసరమైన పెట్రోల్ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి.

ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. నవ్వకు. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ పోయకుండానే మట్టం గీత దాటినా, నీ దొంగ దొరికినట్టే. ఫ్యూయల్ పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోల్ నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని ఆపే ఫ్లోట్ దగ్గరి సూది కారుతున్నా చివరికి అక్కడికే చేరుతుంది. ఇంజన్ వేడెక్కాక ఆ పెట్రోల్ ఆవిరై, ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ క్లీనర్‌లోకి, అక్కడి నుంచి కార్బురేటర్‌లోకి వస్తుంది. అంటే నువ్వు స్క్రూ ఎంత బిగించినా, ఇంజన్ పక్కదారిలో పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. నీకు తెలిసిన మెకానిక్ దగ్గర గ్యాస్ మీటర్ ఉంటే, ఇంజన్ నడుస్తుండగా ఆ గొట్టాన్ని ఎయిర్ క్లీనర్ నుంచి ఊడదీసి చూడు. మోనాక్సైడ్ గబుక్కున పడిపోతే ఇక సందేహమే లేదు. కారణం సరిచేసి, ఆయిల్ జల్లెడ కడిగి, కొత్త ఆయిల్ పొయ్యి. పట్టేది రెండున్నర లీటర్లే. కారణం సరిచేయకుండా ఆయిల్ మారిస్తే పరీక్ష దాకా బండి నడుస్తుందేమో కానీ, పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి.

ఆయిల్ బాగానే ఉంటే చోక్ చూడు, చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి గాలిని తగ్గించేది అదే. ఎయిర్ క్లీనర్ విప్పి, ఇంజన్ బాగా వేడెక్కాక కార్బురేటర్ గొంతులోకి చూస్తే చోక్ రేకు నిలువుగా నిలబడి ఉండాలి. కొంచెం వాలి ఉన్నా రిచ్ అవుతుంది. చాలాసార్లు చోక్ పక్కనుండే గుండ్రటి మూతకు వెళ్లే వైరు ఊడిపోయి ఉంటుంది, లేదా కరెంటు అందదు. వైరు పెట్టగానే పాసైన బళ్లు నాకు తెలుసు.

ఈ రెండూ సరిగ్గా ఉంటేనే మిగతావి చూడాలి. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, రాత్రంతా ఆగిన చల్లటి ఇంజన్ మీదే సరిచెయ్యి, 0.15 మిల్లీమీటర్లు. వదులుగా ఉండి టిక్కుటిక్కుమంటే పెద్ద భయం లేదు. చప్పుడే చెయ్యని ట్యాపెట్‌ను అనుమానించు, అది వాల్వ్‌ను పూర్తిగా మూసుకోనివ్వడం లేదేమో. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. పాయింట్లు కుదిరాకే టైమింగ్ (నిప్పురవ్వ పుట్టే క్షణం) పెట్టు, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా జరుగుతుంది. టైమింగ్ నీ డిస్ట్రిబ్యూటర్‌ను బట్టి ఉంటుంది. రెండు వాక్యూమ్ గొట్టాలున్న అసలుదైతే, గొట్టాలు పెట్టే ఉంచి, పిస్టన్ పైకి చేరాక 5 డిగ్రీలకు. ఆలస్యంగా నిప్పు పెట్టడమేమిటని అనుకోకు. అలా చేస్తే ఎగ్జాస్ట్ వేడిగా పోయి, మిగిలిన పెట్రోల్ దారిలోనే కాలుతుందని కంపెనీ వాళ్లు కావాలనే చేశారు. చాలామంది దాన్ని పీకేసి 009 అనే వేరే డిస్ట్రిబ్యూటర్ వేసుకున్నారు. దాంతో బండి హుషారుగా ఉంటుందని వాళ్ల నమ్మకం. పొగ పరీక్షకు మాత్రం అది మంచిది కాదు.

కార్బురేటర్ నుంచి సిలిండర్లకు మిక్స్చర్‌ను తీసుకెళ్లే మానిఫోల్డ్‌ను కింద నుంచి వేడిచేసే సన్న గొట్టం ఉంటుంది కదా, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంజన్ వేడెక్కాక రెండు పక్కలా జాగ్రత్తగా తాకి చూడు. చల్లగా ఉంటే లోపల మసి పేరుకుపోయిందన్నమాట. అప్పుడు పెట్రోల్ ఆవిరి కాకుండా చుక్కలుగా వెళ్తుంది, ఇంజన్ తడబడుతుంది, తడబడకుండా ఉండాలని ఎవరో స్క్రూ తెరుస్తారు, మోనాక్సైడ్ పెరుగుతుంది. అలాగే మానిఫోల్డ్ రబ్బరు జాయింట్లు పగిలాయేమో, సైలెన్సర్‌కు చిల్లులున్నాయేమో చూసుకో. సైలెన్సర్ చిల్లులోంచి బయటి గాలి కలిసి రీడింగ్ తగ్గుతుందని ఆశపడతారు కొందరు. మీటరు కార్బన్ డయాక్సైడ్ కూడా చూస్తుంది, దొరికిపోతావు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ తియ్యి. నీ 34 పిక్ట్-3 కార్బురేటర్ ఎడమ పక్కన రెండు స్క్రూలుంటాయి. పెద్దది స్పీడుకు, చిన్నది మిక్స్చర్‌కు. థ్రాటిల్ దగ్గరి స్క్రూతో స్పీడు పెంచడం పెద్ద తప్పు, నూటికి తొంభై మంది చేసేది అదే. చిన్నదాన్ని మెల్లగా లోపలి దాకా తిప్పి (గట్టిగా బిగిస్తే కొన దెబ్బతింటుంది) రెండున్నర చుట్లు వెనక్కి తియ్యి. పెద్దదానితో 850 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టు. తర్వాత చిన్నదాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ అన్నిటికంటే వేగంగా తిరిగే చోటు పట్టుకుని, అక్కడి నుంచి 20, 30 ఆర్‌పీఎం తగ్గేదాకా లోపలికి తిప్పు. మళ్లీ పెద్దదానితో 850కి తెచ్చుకో. అంతే. ఇదంతా ఇంజన్ పూర్తిగా వేడిగా ఉన్నప్పుడే.

పరీక్ష రోజు కనీసం అరగంట నడిపి వెళ్లు. ఊరికే నిలబెట్టి వేడెక్కిద్దామనుకోకు, ప్లగ్గులకు మసి పట్టడం తప్ప లాభం లేదు. వరుసలో ఎక్కువసేపు ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపెయ్. నీ వంతు రాగానే స్టార్ట్ చేసి 2500 దగ్గర ఓ రెండు నిమిషాలు ఉంచి, ఐడిల్ కుదురుకున్నాక గొట్టం పెట్టమను.

కొన్నిచోట్ల ఇంత పాత బళ్లకు పరిమితులు వేరుగా ఉంటాయి, అసలు పరీక్షే ఉండదు కూడా. బండి తయారైన సంవత్సరానికి నీకు వర్తించేది ఏమిటో ముందే కనుక్కో. నీ చీటీలో మోడల్ సంవత్సరం గడి ఖాళీగా కనిపించింది, అదొకసారి అడుగు.

రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ వాసన చూసి నాకు ఫోన్ చెయ్యి. నాకు ముందు ఆ సంగతి తెలియాలి.

మీ పెదనాన్న