కీమో రోజు బానే ఉంది, మూడో రోజు నుంచి ఒకటే వాంతులు.. వాటిని ఆపొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. అమ్మకి 52 ఏళ్ళు, రొమ్ము క్యాన్సర్. విజయవాడలో 21 రోజులకోసారి ఏసీ కీమో ఇస్తున్నారు, మొదటిది అయింది. ఆ రోజు బానే ఉంది, ఇన్ని మాత్రలు ఎందుకులే అని ఆపేశాం. మూడో రోజుకి మంచినీళ్ళు కూడా ఇమడలేదు. ఇక కీమో వద్దంటోంది. ఏం చేయాలి?

జవాబు: వాంతుల్ని చాలావరకు ఆపొచ్చండి, కానీ మీరు వాంతుల మాత్రలు ఆపారు చూడండి, కొంప ముంచింది అదే. ఏసీ అంటే డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చేది, వాంతులు బాగా తెప్పించే కీమోల్లో ఒకటి. మొదటి 24 గంటల్లో వచ్చే వాంతులు వేరు, ఆ తర్వాత నాలుగైదు రోజులదాకా వచ్చేవి వేరు, మొదటి రోజు సెలైన్‌లో ఎక్కించిన వాంతుల మందు పవర్ తగ్గాక ఈ రెండో రకం పట్టుకుంటుంది. అందుకే వాంతులు రాకుండా అప్రెపిటెంట్ అనే మందు అయితే కీమో రోజు 125 మిల్లీగ్రాములు, తర్వాత రెండు రోజులు 80 చొప్పున ఇస్తాం, దాంతోపాటు ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి వాంతుల మాత్ర, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, రాత్రికి ఓలాంజపైన్. ఈ ఓలాంజపైన్‌ని చాలామంది ఫోన్‌లో వెతికి "ఇది పిచ్చికి వాడే మందంటగా" అని పారేస్తారు, అలా చేయకండి, వికారానికి బాగా పనిచేస్తుంది, కాకపోతే మత్తుగా ఉంటుంది. డెక్సాతో షుగర్ పెరుగుతుంది, అమ్మగారికి షుగరుంటే ముందే చెప్పాలి. ఆన్‌డాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది, అదీ మళ్ళీ వికారం పెంచుతుంది. బాగున్నా సరే రాసినన్ని రోజులూ టైముకి వేయండి. ఏ రోజు ఎన్నిసార్లు అయ్యాయో చీటీ మీద రాసి డాక్టర్‌కి చూపించండి, మందులు మారుస్తారు.

వాంతుల్ని మొదట్లోనే ఎందుకు ఆపాలంటే, మనసు గుర్తుపెట్టుకుంటుంది. మంగళగిరి నుంచి వచ్చే ఒకావిడకి వారధి ఎక్కగానే డోకొచ్చేది, ఇంకా సూది కూడా గుచ్చలేదు! అక్కడిదాకా వెళ్తే మామూలు వాంతుల మాత్రలు సరిగా పనిచేయవు, ముందు రోజు రాత్రి ఆందోళన తగ్గే మాత్ర ఇవ్వాల్సొస్తుంది.

తిండి సంగతికొస్తే, వేడి అన్నం ఆవిరి, తాలింపు ఘాటు పడవు, వంట జరిగేటప్పుడు ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టండి. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, జావ రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. బలమొస్తుందని బలవంతంగా కుక్కకండి. ఇంకోటి, ఆవిడకి గోంగూర ప్రాణమనుకోండి, ఆ నాలుగు రోజులు పెట్టొద్దు, ఒకసారి కక్కుకున్న కూర మీద తర్వాత నెలల తరబడి విరక్తే. అల్లం కొంచెం వేస్తే తప్పులేదు గానీ అదే మందు అనుకోవద్దు. బండి మీద చెరుకురసం, ఐసు అసలొద్దు, తెల్ల కణాలు తగ్గే టైమది, ఇన్ఫెక్షన్ తేలిగ్గా పట్టుకుంటుంది.

24 గంటలు నీళ్ళు నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, వాంతిలో రక్తం పడినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళిపోండి, ఊళ్ళో సెలైన్ పెట్టించి సరిపెట్టొద్దు.