నాన్న రక్షణ సంగతి దేవుడికి వదిలెయ్, అన్నయ్య ఫోన్ ఎత్తు

సోంపేట దగ్గర పుట్టిల్లు, విజయనగరంలో కాపురం ఉన్న ఒకమ్మాయి రాసింది. వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళకు పైగా ఆదివారం ప్రార్థన తప్పకపోయినా బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. ఎస్సీ సర్టిఫికెట్ మీద వచ్చిన ఉద్యోగానికి ఇబ్బంది అని అన్నయ్య అడ్డుపడేవాడట. కిడ్నీలు పాడై డయాలసిస్ మీదున్న చివరి నెలల్లో నాన్నే అడిగితే, మెడ దగ్గర ట్యూబు ఉంది, నీళ్ళలో ముంచడానికి లేదని మళ్ళీ అన్నయ్యే ఆపాడు. పోయాక పాస్టరుగారు సమాధుల తోటలో చోటివ్వలేదు, ఊరి శ్మశానంలో పెట్టారు. "నాన్నకు రక్షణ, అంటే పరలోకంలో చోటు, ఉందా లేదా? లేకపోతే జన్మలో అన్నయ్య మొహం చూడను, వచ్చే నెల జ్ఞాపకార్థ కూడికకూ వెళ్ళను" అంటోంది.

అమ్మా, నా కూతురి వయసుదానివి, నువ్వు అనే అంటాను. నీ ప్రశ్న ముందు తేల్చేద్దాం, దానికి ఎక్కువ సేపు పట్టదు. సిలువ మీద యేసు పక్కనున్న దొంగ ఏ చెరువులో మునిగాడు? "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని యేసు అతనికే కదా చెప్పాడు. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అనే మార్కు 16:16 మీ పాస్టరుగారు చూపించి ఉంటారు. ఆ వచనం రెండో సగం కూడా చదవమను, శిక్ష నమ్మనివాడికని ఉంది, మునగనివాడికని లేదు. అపొస్తలుల కార్యములు 2:38 పట్టుకుని బాప్తిస్మం లేనిదే రక్షణ లేదనే సంఘాలున్నాయి, అది విధేయతకు గుర్తు, రక్షణ విశ్వాసం వల్లే అనే బాప్టిస్టులూ మన జిల్లాల్లోనే ఉన్నారు. బాప్తిస్మం తప్పనిసరి అని గట్టిగా చెప్పే కేథలిక్కులు సైతం, కోరుకుని అందుకోలేక పోయినవాడికి ఆ కోరికే చాలంటారు. 392లో రోమా చక్రవర్తి రెండో వాలెంటీనియన్ బాప్తిస్మం ఇమ్మని మిలాను బిషప్పు అంబ్రోసుకు కబురు పెట్టి, ఆయన వచ్చేలోపే చనిపోయాడు. ఏడుస్తున్న అక్కచెల్లెళ్ళకు అంబ్రోసు చెప్పిన ఓదార్పు ఏమిటో తెలుసా, అడిగాడు గనుక పొందినట్టే అని. మీ నాన్నా అడిగాడు.

ఇంకో మాట. మంచం పట్టినవాళ్ళకు నీళ్ళు చల్లి ఇచ్చినా అది పూర్తి బాప్తిస్మమేనని మూడో శతాబ్దంలోనే కార్తేజు బిషప్పు సిప్రియాను రాశాడు. ముంచే సంఘం వాళ్ళకు ఇది రుచించదని తెలుసు, అయినా చావుబతుకుల్లో ఉన్న మనిషి అడిగినప్పుడు పాస్టరుగారు ఇంటికొచ్చి నుదురు తడిపి ప్రార్థన చేసి ఉంటే ఏం పోయేది? ఆ పెద్దమనిషి మీద నీ ఉత్తరంలో ఒక్క కోపం మాట లేదు. ఉన్న కోపమంతా అన్నయ్య మీదే.

ఎందుకో చెప్పనా? నాలుగో పేజీలో రాశావు, "నేను వచ్చేసరికి పెట్టె మూసేశారు" అని. ఆ ముక్క రాసి వెంటనే బాప్తిస్మంలోకి వెళ్ళిపోయావు. నాన్న పరిస్థితి చేయి దాటిందని అన్నయ్య నీకు ముందు చెప్పలేదు, కడసారి చూపు దక్కలేదు. అదీ నీ పుండు. దానికి కోపం రావడం న్యాయం, పోట్లాడు, నిలదియ్యి. కానీ అన్నయ్య నాన్నను నరకానికి పంపాడని నాచేత సంతకం పెట్టించుకుందామంటే నేను పెట్టను.

అతను చేసింది కూడా చూడు. "వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళేవాడు లెండి" అని తేలిగ్గా రాసేశావు. ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు పెట్టుకుంటూ, తెల్లారగట్ల బండి మాట్లాడుకుని వెళ్ళడం "లెండి" అనేంత చిన్న పనా? ట్యూబు తడిస్తే ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోయే ప్రమాదం ఉంది, ఆ విషయంలో అతను చేసింది నూటికి నూరుపాళ్ళు సరి. సర్టిఫికెట్ భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లో బీసీ-సి కింద లెక్కేస్తారు. అది న్యాయమా అంటే నాకూ చాలా చెప్పాలని ఉంది, ఇక్కడ వద్దు. అయితే నువ్వు ఉండి చదువుకున్న సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు ఏ సర్టిఫికెట్ మీద వచ్చిందమ్మా? అప్పుడు నాన్నను బాప్తిస్మం తీసుకోమని నువ్వూ బలవంతపెట్టలేదు కదా. అన్నయ్య పైకి అన్నాడు, నువ్వు మాట్లాడకుండా ఊరుకున్నావు.

ఆడపిల్లకు తండ్రి పోయాక పుట్టింటి గడప నిలిచేది అన్నదమ్ముల వల్లే, ఇది పాతకాలపు మాటే, నేను ఇప్పటికీ నమ్ముతాను. అలాగని తలొంచుకుని వెళ్ళమనడం లేదు. ఆత్మగౌరవం ఉన్న చెల్లెలు ఫోన్ కట్ చేసి కూర్చోదు, ఎదురుగా కూర్చుని "నాకెందుకు ముందు చెప్పలేదు" అని అడుగుతుంది. మీ ఇద్దరి మధ్యా మీ అమ్మ ఆ ఇంట్లో ఏ మాట ఎత్తాలన్నా భయపడుతూ ఉండి ఉంటుంది, ఆవిడ గురించి నీ ఉత్తరంలో రెండు వాక్యాలు కూడా లేవు.

నాన్న పేరున నేను బాప్తిస్మం తీసుకోవచ్చా అని చివర్లో అడిగావు. వద్దు. నీకు నమ్మకం కుదిరిన రోజున నీకోసం తీసుకో.

కూడికకు ఒక రోజు ముందే వెళ్ళు, వంటలో వదినకు సాయం చెయ్యి. అన్నయ్యతో మాట్లాడేటప్పుడు బాప్తిస్మం ఊసెత్తకు, పెట్టె మూసిన రోజు గురించి మాత్రమే అడుగు. అతను ఏం చెప్పినా పూర్తిగా విను, మధ్యలో ఏడుపొస్తే రానీ. కూడికకు ఆ పాస్టరుగారినే పిలవాలా, ఇంకెవరినైనానా అన్నది మీరిద్దరూ తేల్చకండి, అమ్మను అడగండి.