మీ ప్రశ్న – మా జవాబు: ఉత్తరాలతో బానిసత్వం పోయిందా?

ప్రశ్న: బానిసత్వం రద్దు కోసం ఇంగ్లండ్, అమెరికా, ఫ్రాన్స్‌లలో పోరాడినవాళ్లు ఒకరికొకరు తెగ ఉత్తరాలు రాసుకునేవారట. ఫోన్ లేని రోజులు, ఓడలో ఉత్తరం చేరడానికే వారాలు. వాటివల్ల నిజంగా ఏమైనా ఒరిగిందా?

జవాబు: ఒరిగిందండీ. ఫిలడెల్ఫియాలో ఆంథొనీ బెనెజెట్ అనే బడిపంతులు, లండన్‌లో గ్రాన్విల్ షార్ప్ అనే ప్రభుత్వ గుమస్తా ఉండేవారు. ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. బానిసత్వానికి వ్యతిరేకంగా బెనెజెట్ రాసిన చిన్న పుస్తకం లండన్‌లో షార్ప్ కంటపడితే ఆయన దాన్ని అక్కడ మళ్లీ అచ్చు వేయించాడు, ఇటు షార్ప్ రాసినదాన్ని బెనెజెట్ కుదించి ఫిలడెల్ఫియాలో వేయించాడు. ఇదంతా వాళ్ల మధ్య ఉత్తరాలు మొదలవకముందే! 1772లో బెనెజెట్ మొదటి ఉత్తరం రాశాడు. బానిసను బలవంతంగా ఓడెక్కించి ఇంగ్లండ్ దాటించే హక్కు యజమానికి లేదని సోమర్‌సెట్ కేసులో తీర్పు వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ కేసు వెనక నిలబడింది షార్పే.

ఇక బానిసల వ్యాపారం మీద పోరాడిన ఇంగ్లండ్ మనిషి థామస్ క్లార్క్‌సన్ ఓపిక చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1789లో పారిస్ వెళ్లి, ఫ్రాన్స్ జాతీయ సభలో మాట్లాడాల్సిన మిరాబో కోసం నెల రోజులపాటు రోజు విడిచి రోజు ఉత్తరం రాశాడు, ఒక్కోటి 16 నుంచి 20 పేజీలు. అందులో ఉపన్యాసాలు కాదు, బానిసల వ్యాపారం గురించి ఆయన పోగేసిన సాక్ష్యాలు. 482 మందిని పక్కపక్కన పేర్చి పడుకోబెట్టినట్టు చూపే, బానిసలను మోసే బ్రూక్స్ అనే ఓడ బొమ్మ కూడా తీసుకెళ్లాడు. అది చూసి చలించిన మిరాబో ఆ ఓడ నమూనా ఒకటి చెక్కతో చేయించుకున్నాడు. అయినా ఆయన ప్రసంగం సభ దాకా రాలేదు. ఫ్రాన్స్ 1794లో బానిసత్వాన్ని రద్దు చేసిందంటే దానికి అసలు కారణం ఫ్రాన్స్ వలస అయిన సెయింట్ డొమింగ్‌లో (ఇప్పటి హైతీ) బానిసలే తిరగబడటం. ఆ ఘనత ఉత్తరాలకు ఇచ్చేస్తే ప్రాణాలొడ్డినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఇంకో సంగతి. 1840కి ముందు బ్రిటన్‌లో తపాలా ఖర్చు కాగితాల లెక్కన పడేది. అందుకని చాలామంది పేజీ నిండాక కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగానే మళ్లీ రాసేవారు. అలాంటివి చదవాలంటే కళ్లు పోతాయి, కానీ చెప్పాల్సింది ఎంత ఉండేదో అర్థమవుతుంది.

ప్రశ్న: ఈ ఉత్తరాలవల్ల ఫలానా మనిషికి స్వేచ్ఛ వచ్చింది అని చెప్పగలరా?

జవాబు: చెప్పగలను. ఫ్రెడరిక్ డగ్లస్. అమెరికాలో బానిసగా పుట్టి పారిపోయిన ఆయన 1845లో తన జీవితకథ అచ్చయ్యాక, పట్టుబడే ప్రమాదం పెరగడంతో బ్రిటన్, ఐర్లండ్ పర్యటనకు వెళ్లాడు. న్యూకాసిల్‌లో ఎలెన్ రిచర్డ్‌సన్, ఆమె వదినగారు అన్నా పూనుకుని, అమెరికాలో తెలిసిన లాయర్లకు రాసి, చందాలు పోగుచేసి, 150 పౌండ్లకు ఆయన విడుదల పత్రం సంపాదించారు. 1846 డిసెంబర్ నాటికి పని పూర్తయింది.

దీని మీద సొంతవాళ్లే గొడవపడ్డారు. యజమానికి డబ్బు కట్టడమంటే మనిషిని అమ్మొచ్చని ఒప్పుకున్నట్టే కదా అని హెన్రీ రైట్ అనే సహచరుడు డగ్లస్‌కే ఘాటుగా ఉత్తరం రాశాడు. ఆ అభ్యంతరం తీసిపారేసేది కాదు. కానీ నేను డగ్లస్ పక్షమే. ‘బానిసత్వం రద్దు కోసం నేను పని చేయాల్సింది అమెరికాలో, అక్కడ పట్టుబడితే ఆ పనే ఆగిపోతుంది’ అన్నది ఆయన జవాబు. పట్టుబడతానన్న టెన్షన్ మోయాల్సింది ఆయన, రైట్ కాదు. 1847 వసంతంలో ఆయన అమెరికాకు ఓడెక్కాడు, ఈసారి చట్టం దృష్టిలో కూడా స్వేచ్ఛాజీవిగా.