పెట్రోలు మీద పన్ను దేశానికొక తీరు ఎందుకు?

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి కొత్తగా బ్రిటన్ వచ్చిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నయ్యా, డల్లాస్‌లో మా బావ ఫుల్ ట్యాంక్ కొట్టించే డబ్బుతో ఇక్కడ నా కారు సగం కూడా నిండట్లేదు. ముడిచమురు రేటు అందరికీ ఒకటే కదా?"

తమ్ముడూ, ముడిచమురు ఒకటే, తేడా ఎక్కువగా పన్నులోనే. ఇది మనకి కొత్త కాదు. మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలోని పాతపట్నం బళ్లు పెట్రోలుకి మన ఊరి బంకులకి రావడం చూస్తూనే పెరిగావు. పెట్రోలు జీఎస్టీలో లేదు, వ్యాట్ (అమ్మకపు పన్ను) ఎంతన్నది రాష్ట్రం ఇష్టం. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు తగ్గించినప్పుడు ఒడిశా కూడా లీటరుకు 3 రూపాయలు తగ్గించింది. ఆంధ్ర తగ్గించలేదు.

దేశాల మధ్య తేడాకి అసలు కారణం ఆ పన్ను డబ్బు ఎటు పోతుందన్నదే. అమెరికాలో 1956 నుంచి అది హైవే నిధికి పోతుంది. రోడ్లకి సరిపడా వస్తే చాలన్నది వాళ్ల లెక్క. పైగా అక్కడ కారు లేనిదే పాలప్యాకెట్ కూడా ఇంటికి రాదు, పన్ను పెంచుతామంటే ఓట్లు పోతాయి. 1993లో గాలనుకి (సుమారు 3.8 లీటర్లు) 18.4 సెంట్లు చేసిన ఫెడరల్ (కేంద్ర) పన్ను ముప్పై ఏళ్లు దాటినా కదల్లేదు. అది శాతం కాదు కాబట్టి ధరలు పెరిగేకొద్దీ దాని బరువు తగ్గిపోయింది. రాష్ట్రాల పన్ను దీనికి అదనం.

ఇక్కడ బ్రిటన్‌లో పెట్రోలు సుంకం నేరుగా ఖజానాకి పోతుంది. ఆసుపత్రుల్లాంటి ఖర్చులు ఆ ఖజానాలోంచే. అదే 1993లో బ్రిటన్ ఏటా ద్రవ్యోల్బణాన్ని మించి సుంకం పెంచే పద్ధతి మొదలుపెట్టింది. 1999లో అది మానేసినా, జనం కోపం చల్లారలేదు. 2000 సెప్టెంబరులో రైతులు, లారీలవాళ్లు చమురు డిపోలకి అడ్డంగా కూర్చుంటే బంకులు ఖాళీ అయ్యాయి. అప్పట్నుంచి పెంచాలంటే ప్రభుత్వాలకి టెన్షనే. 2011లో లీటరుకి 57.95 పెన్నీల దగ్గర ఆపేశారు, 2022 మార్చిలో 5 పెన్నీలు తగ్గించారు. అయినా సుంకం కలిపిన ధర మీద మళ్లీ 20 శాతం వ్యాట్ పడుతుంది. పన్ను మీద పన్ను! ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

కాబట్టి బావతో పోల్చుకుని బాధపడకు. ఆయన రోజూ తిరిగే దూరం ఎంతో, బస్సుందో లేదో కూడా అడుగు. నువ్వు మాత్రం అద్దెకి దిగేముందు స్టేషన్ ఎంత దూరమో చూడు. కారు చిన్న ఇంజనుది తీసుకో. మోటర్‌వే మీది బంకుల్లో రేటు బాగా ఎక్కువ, బయల్దేరేముందే సూపర్‌మార్కెట్ బంకులో నింపించుకో.